ఎనిమిదో మెట్టు

కోట చూడ్డానికి వచ్చినవాళ్ళ చెవుల్లో గంటమ్మ ఉంటుంది. అసలు గంటమ్మేమో కోటగుమ్మం పక్కన బల్ల ముందు కూర్చుని, ఆ చెవుల్లోంచి తీసిన మిషన్ల మురికి తుడుస్తూ ఉంటుంది. ఎంత బాగుందండీ ఏర్పాటు! గొంతు రాణీవాసంలో, మనిషి స్పిరిటు వాసనలో.

గొంతు ఖంగున మోగుతుందనే ఆమెకు ఆ పేరు. గైడుగా కోట చూపించే రోజుల్లో, ఇసుకగాలి వీస్తున్నా సరే, నలభైమంది గుంపులో చివరివాడికి కూడా మాట వినబడేది. ఐదేళ్ళ కిందట కోట నడిపే కంపెనీవాళ్ళు ఆమెను మూడు రోజులు ఒక గదిలో కూర్చోబెట్టి, కోట కథంతా చదివించి, రికార్డు చేసి చెవిమిషన్లలో పెట్టుకున్నారు. నాలుగో రోజున, "ఇక నువ్వు ఎండలో తిరగక్కర్లేదమ్మా" అని తెగ జాలిపడి, చెవిమిషన్ల బల్ల దగ్గర పడేశారు. వచ్చినవాళ్ళ గుర్తింపు కార్డు తీసుకోవడం, మిషను ఇవ్వడం, ఏ నంబరు బోర్డు దగ్గర ఏ బటన్ నొక్కాలో చెప్పడం, తిరిగొచ్చాక తుడిచి పెట్టెలో సర్దడం. దినమంతా ఇదే.

ఆ ఉదయం వచ్చిన బస్సు మీద 'నాలుగు రోజుల్లో నాలుగు రాజధానులు' అని పెద్ద బ్యానరు కట్టి ఉంది. దిగినవాళ్ళు అప్పటికే ఒక రాజధాని చూసి వడిలిపోయి ఉన్నారు. వాళ్ళలో ఒక పెద్దావిడ మాత్రం చేతికర్ర టకటకలాడించుకుంటూ వరసలో అందరికంటే ముందుకొచ్చింది. నీరెండ రంగు చీర, మెడలో తాడుకు వేలాడే కళ్ళజోడు.

"పద్నాలుగో బోర్డు దగ్గర చీకటిగా ఉంటుందండీ, మెట్లు ఉంటాయి" అని గంటమ్మ మొదలెట్టబోయింది.

"ముప్పై నాలుగేళ్ళు లెక్కలు చెప్పానమ్మాయ్. పద్నాలుగు ఎక్కడొస్తుందో నాకు తెలుసులే" అని ఆవిడ మిషను చెవికి పెట్టుకుంది. రెండు క్షణాలు విని, గంటమ్మ మొహంలోకి చూసింది. "ఇది నువ్వు కదూ?"

"నేనేనండి."

"మనిషివి ఎదురుగా ఉన్నావు. మళ్ళీ ఇందులో దూరడం దేనికి?"

"అది వాళ్ళనే అడగాలండి" అంది గంటమ్మ, ఆఫీసు గది వైపు గడ్డం ఎగరేసి. టీచరు గలగలా నవ్వింది. చాలా రోజుల తర్వాత ఒకరు తన మొహం చూసి మాట్లాడినందుకు గంటమ్మకు ప్రాణం లేచొచ్చింది. ఆ సంతోషంలో, వెనక వరసలో తోపులాట మొదలవడంతో, మెట్ల సంగతి పూర్తిగా చెప్పకుండానే వదిలేసింది.

ముప్పావుగంట తర్వాత కేక వినబడింది.

పద్నాలుగో బోర్డు దగ్గర నేలమాళిగలోకి మెట్లు దిగుతాయి. రాణులు వేసవిలో తలదాచుకున్న చల్లని మందిరం అది. మిషన్లో గంటమ్మ గొంతు ఇలా చెబుతుంది: "ఏడు మెట్లు దిగండి. అక్కడినుంచి నేల సమానంగా ఉంటుంది. ఇప్పుడు తలెత్తి పైకప్పు చూడండి. అద్దపు ముక్కల్లో నక్షత్రాలు మెరుస్తాయి."

రికార్డు చేసిన నాటికి మెట్లు ఏడే. నిరుడు దీపాల తీగెలు వెయ్యడానికి కంపెనీవాళ్ళు కింద నేలంతా తవ్వి, పాత బండలు తీసేసి, సగం సగం పూడ్చి పోయారు. ఏడో మెట్టుకూ నేలకూ మధ్య మోకాలెత్తు తేడా వచ్చింది. "ఏదో ఒకటి చెయ్యవయ్యా" అని మేనేజరు నోటిమాటగా అంటే, కోటలో రాతిపని చేసే మేస్త్రీ ఒక బండను చెక్కి, సున్నంతో కూర్చి, ఎనిమిదో మెట్టు వేశాడు. ఆ మేస్త్రీ గంటమ్మ మొగుడే. మొగుడు మెట్టు వేసిన రోజు నుంచీ పెళ్ళాం మేనేజరుకు చెబుతూనే ఉంది: సార్, మిషన్లో ఏడని ఉంది, మార్చండి, ఎవరైనా పడతారు. చెప్పినప్పుడల్లా ఆయన తలూపాడు. తలూపడంలో ఆయన్ను మించినవాడు లేడు.

గంటమ్మ పరుగెత్తుకుంటూ దిగేసరికి టీచరు ఎనిమిదో మెట్టు కింద, తీగెల గొట్టం పక్కన కూర్చుని ఉంది. కుడి మడమ అప్పుడే బూరెలా ఉబ్బిపోయింది. ఆవిడ చెవిలోంచి జారిన మిషను ఒళ్ళో పడి ఇంకా మాట్లాడుతూనే ఉంది. నక్షత్రాలు చూడండి, నక్షత్రాలు చూడండి. గంటమ్మ దాని గొంతు నొక్కింది.

"ఏడు లెక్కపెట్టాను" అంది టీచరు, నొప్పికి పళ్ళు బిగించి. "నువ్వు చెప్పావు, నేను లెక్కపెట్టాను. నువ్వు తలెత్తమంటే ఎత్తాను."

*

ఆ సాయంత్రం మేనేజరు మొగుడూ పెళ్ళాలిద్దర్నీ ఆఫీసుకు పిలిచాడు. ఆయన గదిలో చల్లటి గాలి మిషను, గోడకు కోట ఫొటో. ఏ వేళకైనా నలగని చొక్కా. కోపం కూడా నలగకుండా వస్తుంది ఆయనకు.

"ఆవిడ కంప్లెయింట్ రాసిచ్చింది. ఎల్లుండి మధ్యాహ్నం పై ఆఫీసు నుంచి చూడ్డానికి వస్తారు" అని ఒక కాగితం ముందుకు తోశాడు. "ఇద్దరూ సంతకం పెట్టండి."

గంటమ్మ చదివింది. 'సందర్శకురాలు వయోభారం వల్ల మెట్లు లెక్కపెట్టడంలో పొరబడి జారిపడినారు. మెట్ల సంఖ్య విషయంలో ఎటువంటి తప్పిదమూ లేదు.' కింద ఇద్దరు సాక్షులకు చోటు.

"ఆవిడ పొరబడలేదు సార్. ఎనిమిదున్నాయి."

"ఎల్లుండి పొద్దుటికి ఏడే ఉంటాయి" అన్నాడు మేనేజరు. మేస్త్రీ వైపు తిరిగాడు. "ఆ మెట్టు కొట్టేసి, కిందంతా ఇసుక పోసి చదును చేసెయ్. ఇసుకకేం కరువు మనకి?" తన మాటకు తనే నవ్వుకున్నాడు.

గంటమ్మకు కాసేపు ఆ మాట బుర్రకెక్కలేదు. ఎక్కాక ఒళ్ళు భగ్గుమంది. "మిషన్లో ఒక్క మాట మార్చడం మానేసి, రాయిని పగలగొడతారా?"

"ఒక్క మాట కాదమ్మా. ఆరు భాషల్లో ఉంది. ఆరుగుర్ని పిలవాలి. ఇదైతే ఒక్క పూట పని."

"మరి ఆ పెద్దావిడ అబద్ధం చెప్పినట్టవదూ?"

"అబద్ధమని ఎవరన్నారు? పొరబాటు అన్నాం. ఆ వయసులో అందరికీ జరిగేదే." మేనేజరు గొంతు తగ్గించాడు. "చూడు, ఇంకో దారి కూడా ఉంది. అనుమతి లేకుండా మెట్టు వేశాడని మీ ఆయన మీద రాయొచ్చు. మీ ఇద్దరూ మన మనుషులు కదా అని ఇలా రాయించాను."

మన మనుషులు! ఆ మాటకు గంటమ్మ అరికాలి మంట నెత్తికెక్కింది. మొగుడి వైపు చూసింది, ఇప్పుడైనా నోరు విప్పుతాడేమోనని. నువ్వే కదా వెయ్యమన్నావు అని ఒక్క ముక్క అంటే చాలు. మేస్త్రీ నేల చూపులు చూస్తూ, గోళ్ళలో ఇరుక్కున్న సున్నం గీరుకుంటూ, "అలాగే సార్" అన్నాడు.

"సంతకాలకి తొందరేం లేదు. ఎల్లుండి పొద్దున ఇవ్వండి చాలు" అని మేనేజరు కాగితం మడిచి గంటమ్మ చేతిలో పెట్టాడు.

*

మర్నాడు మధ్యాహ్నం గంటమ్మ బల్ల మరొకరికి అప్పగించి, టీచరు మర్చిపోయిన చేతికర్ర పట్టుకుని లాడ్జీకి వెళ్ళింది. తోటివాళ్ళంతా కొండమీది మూడో రాజధాని చూసి రాత్రికి తిరిగొస్తామని వెళ్ళారు. టీచరు ఒక్కతే మంచం మీద, కట్టుకట్టిన కాలు దిండు మీద పెట్టుకుని, కిటికీలోంచి కనబడే రాతిగోడ వైపు చూస్తూ ఉంది. కిటికీ గట్టు మీద ఇసుక పేరుకుని ఉంటే దాని మీద వేలితో ఏవో అంకెలు గీసింది.

"కర్ర తెచ్చావా? బతికించావు. దీని కోసం పొద్దుట్నుంచీ చెయ్యి వెతుక్కుంటూనే ఉంది" అంది. గంటమ్మను మంచం పక్కన కూర్చోమంది. డాక్టరు విరగలేదన్నాడనీ, మడమ మెలిపడిందనీ చెప్పింది. ఆ తర్వాత, క్లాసులో వెనక బెంచీవాణ్ణి లేపి అడిగినట్టు, "ఎన్ని మెట్లు?" అంది.

గంటమ్మ జాకెట్లో ఆ కాగితం మడత గుచ్చుకుంటోంది. "ఏమోనండి. నేనెప్పుడూ లెక్కపెట్టలేదు."

"నీ గొంతు లెక్కపెట్టిందిగా?"

గంటమ్మ తల దించుకుంది. సిగ్గుతో చెవులు మండిపోయాయి. టీచరు గుచ్చిగుచ్చి అడగలేదు. అలా అడిగి ఉంటేనే బాగుండేది.

"నిన్న రాత్రి మా అమ్మాయి ఫోను చేసింది" అంది టీచరు, కర్ర పిడి నిమురుతూ. "మీ ఆఫీసువాళ్ళు దానితో మాట్లాడారట. అమ్మా, నువ్వు లెక్క తప్పావట గదా, ఇక ఒంటరిగా ఎక్కడికీ వెళ్ళొద్దు, నా దగ్గరికొచ్చి ఉండు, ఇల్లు అద్దెకిచ్చేద్దాం అంటుంది. ప్రేమతోనే అంటుందిలే. కాని నా ఇల్లు, నా వంటిల్లు, పొద్దున్నే నా నడక, ఏడాదికోసారి ఇలా ఓ ఊరు. ఇవన్నీ పోతాయి. దేనికంటే ఏడుకీ ఎనిమిదికీ తేడా తెలీదని!" ఆవిడ కర్రను మంచం కోడుకేసి ఒక్కటి కొట్టింది. "రాత్రంతా ఆలోచించాను. నిజంగానే తప్పానేమో. డెబ్బై ఒకటి వచ్చాయి, తప్పకూడదనేముంది? అందుకే బస్సు డ్రైవర్తో చెప్పాను. రేపు పది గంటలకి, ఊరు వదిలేముందు, నన్ను ఆ మెట్ల దగ్గరికి మోసుకెళ్ళమని. నా కర్రతో నేనే లెక్కపెట్టుకుంటా. ఏడుంటే ఒప్పుకుంటా. బుద్ధిగా మా అమ్మాయి ఇంట్లో కూర్చుంటా."

"మా మేనేజరు ఒప్పుకున్నాడా?"

"భేషుగ్గా రండి అన్నాడు. మర్యాదస్థుడే."

మర్యాదస్థుడు! గంటమ్మకు అక్కడ ఇంకో నిమిషం కూర్చోవడం చేతకాలేదు. లేచి, బస్సు వేళైందని ఏదో అబద్ధమాడి బయటపడింది. దారిపొడుగునా మేనేజర్ని తిట్టింది, మొగుణ్ణి తిట్టింది. వాళ్ళిద్దరి తిట్లూ అయిపోయాక తనకోసం ఏమీ మిగలకపోతే మళ్ళీ మొదట్నుంచి మొదలెట్టింది.

ఇంటికొచ్చేసరికి మేస్త్రీ వాకిట్లో సానరాయి ముందు కూర్చుని ఉలులకు పదును పెడుతున్నాడు. ఒక్కోటీ నీళ్ళలో ముంచి, రాయి మీద నాలుగుసార్లు లాగి, బొటనవేలి గోరు మీద ఆనించి చూస్తున్నాడు. అత్త అరుగు మీద పాత దుప్పటికి మాసిక వేస్తోంది.

"పదును పెట్టుకుంటున్నావా? పెట్టుకో. ఆవిడ బతుకు కొట్టేసి రా" అంది గంటమ్మ.

మేస్త్రీ తలెత్తలేదు. ఆమె టీచరు చెప్పిందంతా చెప్పింది. కూతురు ఫోను, అద్దెకిచ్చే ఇల్లు, పది గంటలకి కర్రతో లెక్క. చెబుతూ చెబుతూ గొంతు పెరిగి, వీధిలో పోయేవాళ్ళు నిలబడి చూసేదాకా వచ్చింది.

"కొట్టనని చెప్పు. నువ్వు వేసిన మెట్టే కదా? పెద్దవాళ్ళు దిగలేరని వారం రోజులు ఆ బండ చెక్కావే, ఆ చేత్తోనే ఎలా కొడతావయ్యా?"

"పని చెప్పారు" అన్నాడు మేస్త్రీ. ఉలిని మళ్ళీ నీళ్ళలో ముంచాడు.

"పని చెప్పారట! రేపు ఇంట్లో మీ అమ్మ తల కొట్టమని పని చెబితే?"

"నా తలెందుకే మధ్యలో?" అంది అత్త, దారం పళ్ళతో కొరికి. "వాడికి చిన్నప్పట్నుంచీ అంతే. ఎవరేం చెప్పినా ఊఁ అంటాడు. చేసేది మాత్రం చేసినప్పుడుగాని తెలీదు."

"నువ్వూ ఊరుకో అత్తా. నోట్లో నాలుక లేనివాడికి వకాల్తా ఒకటి."

"నువ్వు మాత్రం ఏం చెప్పొచ్చావు ఆవిడతో?" అన్నాడు మేస్త్రీ ఉన్నట్టుండి. ఎత్తిపొడుపుగా అన్లేదు. మామూలుగా అడిగాడు.

గంటమ్మ లోపలికెళ్ళి, అన్నం వండి, గిన్నెలు ఒక్కోటీ దబ్బున దించి, ఎవరికీ వడ్డించకుండా పడుకుంది.

*

పొద్దున్నే లేచి చూసేసరికి మేస్త్రీ సంచి వంకీకి లేదు. గంటమ్మ కోటకు చేరేటప్పటికే నేలమాళిగలోంచి చప్పుడు వినబడుతోంది. టంగ్. టంగ్. టంగ్. ఇరవై ఏళ్ళుగా వింటున్న దెబ్బే, ఎక్కడున్నా గుర్తుపట్టేస్తుంది.

ఆమె బల్ల ముందు కూర్చుని స్పిరిటు సీసా తీసింది. దూది ముంచింది, మిషను తుడిచింది, పెట్టెలో పెట్టింది. తుడిచినదాన్నే మళ్ళీ తుడిచింది. మేనేజరు రెండుసార్లు వచ్చి, చప్పుడు విని, తృప్తిగా వెళ్ళిపోయాడు. దుమ్ముకు భయపడి కిందకి మాత్రం దిగలేదు. "సంతకం?" అన్నాడు రెండోసారి. "పదింటికి" అంది ఆమె. పదింటికి ఏం చేస్తుందో ఆమెకే తెలీదు. తొమ్మిదిన్నరకు చప్పుడు ఆగిపోయింది. అయిపోయిందన్నమాట. ఇంత దుర్మార్గమైన పని ఇంత శుభ్రంగా, వేళకు ముందే ముగించినందుకు ఆ మనిషిని ఏం చేసినా పాపం లేదనిపించింది.

సరిగ్గా పదింటికి బస్సొచ్చింది. డ్రైవరూ, ఇంకో యాత్రికుడూ ప్లాస్టిక్ కుర్చీలో టీచర్ని మోసుకొచ్చారు. బస్సులోవాళ్ళు పదిమంది వెంట దిగారు, తమాషా చూద్దామని కొందరు, జాలితో కొందరు. ఆవిడ జడ నున్నగా వేసుకుని, ఉతికిన చీర కట్టుకుని, పరీక్షకు వచ్చినట్టు వచ్చింది. మేనేజరు ఎదురెళ్ళి చేతులు జోడించాడు.

"మీ తృప్తి కోసమే మేడం. చెవిమిషను తెప్పించమంటారా?"

"వద్దు" అంది టీచరు. "ఈ అమ్మాయి లెక్కపెడుతుంది. మొదట చెప్పింది ఆమే కదా."

గంటమ్మ లేచింది. గుంపుకు ముందు నడిచింది, ఐదేళ్ళ కిందట నడిచినట్టే. పద్నాలుగో బోర్డు దాటి మెట్ల మొదట్లో నిలబడింది. మలుపు తిరిగి దిగే మెట్లు కావడంతో అడుగున ఏముందో పైనుంచి కనబడదు. కుర్చీ మోసేవాళ్ళు ఒక్కో మెట్టు మీదా ఆగారు. టీచరు కర్ర చాచి తట్టింది.

"ఒకటి" అంది గంటమ్మ. గొంతు బొంగురుపోయింది. "రెండు. మూడు."

నాలుగో మెట్టు దగ్గర గొంతు దారికొచ్చింది. రాతిగోడలకు తగిలి ఖంగుమంది. వెనక నడిచేవాళ్ళు గుసగుసలు ఆపేశారు. ఐదో మెట్టు మీద గంటమ్మ ఆగిపోయింది. వెనక్కి తిరిగింది.

"టీచర్ గారూ, అడుగుకి చేరాక చెబితే లాభం లేదు, ఇప్పుడే చెబుతున్నా. ఇక్కడ ఎనిమిది మెట్లున్నాయి. మొన్న మీరు పడ్డప్పుడు ఎనిమిది. ఏడాదిగా ఎనిమిది. నిన్న మీరడిగితే తెలీదన్నాను, తెలిసే అన్నాను. ఇప్పుడు కింద ఏడే కనబడితే, ఇవాళ పొద్దున ఒకటి కొట్టేసినట్టు. కొట్టింది నా మొగుడు. కొట్టమంది ఈయన."

"ఏయ్!" అన్నాడు మేనేజరు. మొదటిసారి ఆయన కోపం నలిగింది. "ఏం మాట్లాడుతున్నావ్?"

గంటమ్మ జాకెట్లోంచి కాగితం తీసి టీచరు చేతిలో పెట్టింది. "మీరు పొరబడ్డారని మా చేత సంతకం పెట్టమన్నారు. చూడండి, పెట్టలేదు."

టీచరు కళ్ళజోడు పెట్టుకుంది. ఆ మసక వెలుతుర్లో కాగితం చదివింది. మొహం ఎర్రబడింది. కాగితం నాలుగు మడతలు పెట్టి సంచీలో దాచుకుంది. "లెక్క పూర్తి కాలేదు. పద" అంది.

ఆరు. ఏడు. ఏడో మెట్టు మీద నిలబడి గంటమ్మ కుడికాలు ముందుకు చాచింది. కింద మెత్తగా ఇసుక తగులుతుందని కాలు ముందే ముడుచుకుంది.

రాయి తగిలింది. చల్లటి రాయి, సరిగ్గా ఉండాల్సిన ఎత్తులో. ఆ రాతిలో ఏదో లోతుగా, వంకరగా, చెప్పులోంచి కూడా తెలిసేలా గుచ్చుకుంది. వంగి చూసింది. మెట్టు నిడివినా, జానెడెత్తున, ఎనిమిది అంకె చెక్కి ఉంది. చెక్కిన గాడిలో తెల్లటి సున్నం పూసి ఉంది. ఆ చీకట్లో నేలమాళిగ మొత్తానికీ అదొక్కటే కొట్టొచ్చినట్టు కనబడుతోంది.

పక్కనే మేస్త్రీ గొంతుక్కూర్చుని తడిగుడ్డతో అంచులు తుడుస్తున్నాడు. జుట్టూ కనుబొమలూ రాతిపొడితో తెల్లబడిపోయి ఉన్నాయి. ఇంతమందిని చూసి తడబడి, లేచి పక్కకు జరిగాడు.

టీచరు కర్ర చాచింది. అంకె మధ్యలో ఠక్కుమని తట్టింది. మళ్ళీ తట్టింది. "ఎనిమిది" అంది, ఆవిడే, పైకి. తర్వాత చీర చెంగుతో కళ్ళు ఒత్తుకుని, "డ్రైవర్ గారూ, దీనికో ఫొటో తియ్యండి. మా అమ్మాయికి పంపాలి" అంది.

మేనేజరు మేస్త్రీ మీదికి దూసుకొచ్చాడు. "నిన్ను కొట్టమన్నది ఏంటి, నువ్వు కొట్టింది ఏంటి?"

"పాత మెట్ల జోలికి పోలేదు సార్" అన్నాడు మేస్త్రీ, ఎప్పటిలా నేల చూపులు చూస్తూ. "నేను వేసినదాని మీదే కొట్టాను. చూపు ఆననివాళ్ళకి కూడా కాలికి తెలియాలని కాస్త లోతుగా పెట్టాను."

"రేపట్నుంచి ఇద్దరూ రానక్కర్లేదు!"

ఆ మాట గోడలకు తగిలి రెండుసార్లు వినబడింది. గంటమ్మ అనుకున్నదే. మొగుడి వైపు చూసింది. అతను మళ్ళీ మోకాళ్ళ మీద కూర్చుని, సంచిలోంచి సన్న ఉలి తీశాడు.

"రేపట్నుంచి కదా సార్. కింది గుండ్రానికి ఇంకా నగిషీ మిగిలుంది. ఇవాళ సాయంత్రానికి అయిపోతుంది."

పైన పద్నాలుగో బోర్డు దగ్గర అడుగుల చప్పుడైంది. కొత్త గుంపేదో వచ్చింది, చెవులకు మిషన్లతో. గంటమ్మ నాలుగు మెట్లెక్కి మలుపు దగ్గర నిలబడింది. ముందున్నాయన అప్పటికే తలెత్తబోతున్నాడు.

"చెవిలోది తీసెయ్యండి బాబూ" అంది, గొంతు దాచుకోకుండా. "కిందకి చూసి దిగండి. ఎనిమిది మెట్లు."